ఒక్క దెబ్బే కొట్టాను

ఫిబ్రవరి 9

టొమాటో విత్తనాలు నలభై వేస్తే ముప్పై ఒకటి లేచాయి. పొద్దున ఆరింటికి గాజు గదిలో పద్నాలుగు డిగ్రీలు. బయట చేతులు కొంకర్లు పోతున్నాయి. లోపలికి అడుగు పెట్టగానే తడి మట్టి వాసన, వెచ్చగా.

దీన్ని అందరూ గ్రీన్‌హౌస్ అంటారు. నాకు గాజు గదే. కూల్చేసిన ఇళ్ళ కిటికీలు ఏరుకొచ్చి, ఏడేళ్ళ ఆదివారాలు పెట్టి పెరట్లో కట్టుకున్నాను. ఏ రెండు అద్దాలూ ఒక కొలతవి కావు. దుకాణంలో రోజంతా కళ్ళజోళ్ళ అద్దాల అంచులు అరగదీయడం, ఇంటికొచ్చి కిటికీ అద్దాల అంచులు అరగదీయడం. పెళ్ళి చేసుకుని ఉంటే ఇంత అరిగేదాన్ని కాదంటాడు దుకాణం ముసలాయన.

చెల్లెలి దగ్గర్నుంచి ఈ వారం ఫోను లేదు.

ఫిబ్రవరి 12

చెల్లెలు వచ్చింది. ఒక సంచీ, కుడి మణికట్టుకి పిండికట్టు.

"బాత్‌రూమ్‌లో జారానక్కా."

"మీ బాత్‌రూమ్‌లో మెట్లున్నాయా, కొండలున్నాయా?" అన్నాను. నవ్వలేదు.

పన్నెండేళ్ళుగా జారుతూనే ఉంది. ఒకసారి పక్కటెముక, రెండుసార్లు పెదవి, ఒకసారి చెవి. చెవి మీద ఎలా జారతారో అప్పుడే అడగాల్సింది. మా మరిది లిఫ్టు మెకానిక్కు. ఎక్కడికెళ్ళినా నలుగుర్నీ నవ్వించే మనిషి. నన్ను కూడా నవ్వించేవాడు.

ఫిబ్రవరి 13

మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. లేపలేదు.

ఫిబ్రవరి 17

సాయంత్రం గాజు గదిలో నా వెనక నిలబడి చెప్పింది. ముఖం చూపించకుండా చెప్పాలనుకుందేమో, నేను కూడా తిరగలేదు. మిరప చిగుళ్ళకి పేనుబంక పట్టింది, వేళ్ళతో నలుపుతున్నాను.

వాచ్‌మన్‌తో ఎక్కువసేపు మాట్లాడిందట. మరిది ఏమీ అనలేదట. ఇంట్లోకి పిలిచి, "చెయ్యి ఇక్కడ పెట్టు" అని బీరువా తలుపు సందు చూపించాడట. పెట్టిందట. తుంటితో తలుపు మెల్లగా నొక్కాడట. అదే సమయంలో ఎవరిదో ఫోనొస్తే ఎత్తి, ఏదో జోకుకి నవ్వుతూ, నొక్కుతూనే ఉన్నాడట.

"అరవలేదా?"

"ఫోన్లో వినిపిస్తుందని అరవలేదు."

ఆ తర్వాత ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. వారం రోజులు ఆయనే వండి తినిపించాడట. అది చెప్తున్నప్పుడు దాని గొంతు మెత్తబడింది. మిగతా అంతా విన్నాను కానీ ఆ మెత్తదనం వినలేకపోయాను.

బొటనవేళ్ళు పచ్చగా అయిపోయాయి. చిగుళ్ళు కూడా నలిగిపోయాయి, పురుగుతో పాటు. నాకు కోపం రాలేదు. నాకు మొదటినుంచీ కోపం తక్కువ.

ఫిబ్రవరి 20

మరిది ఫోను చేశాడు.

"వదినా, బాగున్నారా? మొక్కలు బాగున్నాయా?"

"బాగున్నాయి."

"దాన్ని పంపించండి. ఇల్లంతా బోసిపోయింది."

"రాదు."

"దాని మాట మీరెందుకు చెప్తున్నారు?" నవ్వాడు. "సరే, అద్దాలు జాగ్రత్త వదినా. ఈ మధ్య గాలులు ఎక్కువగా ఉన్నాయి."

కిటికీలోంచి చూశాను. ఆకు కూడా కదలడం లేదు.

ఫిబ్రవరి 22

నారు పలచన చేసే రోజు. ఒక్కో గుంటలో రెండు మొలిచిన చోట బక్కదాన్ని పీకేయాలి. చెల్లెలు ఎడమ చేత్తో సాయం చేస్తానంది. గంట సేపట్లో ఒక్కటీ పీకలేదు.

"రెండూ బతుకుతాయేమో అక్కా."

"బతకవు. ఒకదాని గొంతు ఇంకోటి నులిమేస్తుంది."

"అయినా సరే." అన్నిటికంటే పీలగా ఉన్నదానికి పహిల్వాను అని పేరు పెట్టింది. పది రోజుల్లో మొదటిసారి నవ్వింది. పక్క పన్ను ఒకటి లేదు. అదెప్పుడు పోయిందో అడగలేదు.

ఫిబ్రవరి 27

చెల్లెల్ని బతిమాలి పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళాను. ఇన్‌స్పెక్టరు ఆడమనిషి, నా వయసుదే, మంచిదానిలాగే ఉంది. కుర్చీ చూపించి, "చెప్పమ్మా" అంది.

"బాత్‌రూమ్‌లో జారాను మేడం" అంది చెల్లెలు.

నేను చెప్పబోతే ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆమె నోటితో ఆమె చెబితేనే రాసుకోగలను. మీరు చెబితే మీ మాట అవుతుంది."

ఇంటి తలుపు దగ్గరికొచ్చాక, "నోరు రాలేదక్కా" అంది.

మార్చి 3

మరిది నుంచి మూడు ఫోన్లు. మూడూ మొక్కల గురించే.

మార్చి 5

దోస తీగకి తాడు కట్టాను. పని బాగా సాగింది. పైకప్పు కిటికీని ఎత్తి నిలబెట్టే ఇనుప కడ్డీ తుప్పు పట్టింది, గీకి నూనె రాశాను.

మార్చి 8, ఆదివారం

ఈ రోజు రాయను.

మార్చి 9

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే మర్చిపోతాను.

నిన్న మధ్యాహ్నం రెండింటికి మరిది వచ్చాడు. ముందు గేటు తట్టలేదు, పక్క సందులోంచి పెరట్లోకి వచ్చేశాడు. వంటింట్లో ఉండగా మొదటి అద్దం పగిలిన శబ్దం వినిపించింది. పరుగెత్తుకెళ్ళేసరికి చేతిలో ఇటుక. పిచ్చిపట్టినవాడిలా కొట్టడం లేదు. లెక్కపెట్టుకుంటున్నవాడిలా ఒక్కో అద్దం ముందూ ఆగి, కొట్టి, పక్కదానికి జరుగుతున్నాడు. "రా బయటికి, రా" అంటున్నాడు. అరవడం లేదు, భోజనానికి పిలుస్తున్నట్టు పిలుస్తున్నాడు. చెల్లెలు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

పద్నాలుగు అద్దాలు. అవయ్యాక లోపలికెళ్ళి ట్రేలన్నీ చేత్తో ఊడ్చి కింద పడేశాడు. దోస తీగని తాడుతో సహా లాగాడు. నేను లోపలికెళ్ళి ఆపబోయాను. అప్పుడు ఇనుప కడ్డీ తీసుకుని నా మీదికొచ్చాడు. నేను లాక్కున్నాను. ఒక్క దెబ్బే కొట్టాను. పడిపోయాడు.

చెల్లెలే అంబులెన్సుకి ఫోను చేసింది. ఇన్‌స్పెక్టరు వచ్చింది. నేను నోరు తెరవకముందే చెల్లెలు అంతా చెప్పేసింది. కడ్డీ ఆయన తీశాడు, అక్క లాక్కుంది, ఒక్క దెబ్బ. నేను అవునన్నాను.

మార్చి 10

ఒక్క దెబ్బే.

మార్చి 11

దుకాణానికి వెళ్ళాను. సాన చక్రం మీద రెండు అద్దాలు పాడు చేశాను. ముసలాయన స్విచ్చి కట్టేసి, "ఇంటికెళ్ళమ్మా" అన్నాడు.

మార్చి 13

మరిదికి స్పృహ వచ్చిందట. ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి డాక్టరు కాగితం చదివింది. పుర్రె రెండు చోట్ల. మెడ దగ్గర ఎముక. కుడి చేతి వేళ్ళు మూడు. వీపు.

"ఒక్క దెబ్బకి ఇన్ని ఎముకలు విరుగుతాయా అమ్మా?" నన్నే చూస్తూ అడిగింది.

"కుండీల మీద పడ్డాడు మేడం" అంది చెల్లెలు. "లేవబోయి మళ్ళీ పడ్డాడు. అద్దాల మీద జారాడు."

ఇన్‌స్పెక్టరు రాసుకుని వెళ్ళింది. ఇంట్లోకి చొరబడి చంపబోయినట్టు మరిది మీద కేసు పెడుతున్నారు.

"ఇంత నున్నగా అబద్ధం ఎక్కడ నేర్చుకున్నావే?" అన్నాను.

అదేదో పిచ్చి ప్రశ్న అన్నట్టు చూసింది. "జారడం గురించి నాకు తెలియనిదేముందక్కా?"

మార్చి 15

మట్టి జల్లెడ పట్టాను. గాజు ముక్కలు రెండు బకెట్లు. సగం మిరప మొక్కలు, కొన్ని టొమాటోలు బతికాయి. పహిల్వాను లేదు, ఏ ట్రే కింద పడిందో. ఖాళీ కిటికీలకి ప్లాస్టిక్ పట్టా కొట్టాను. గాలికి రోజంతా టపటపమంటోంది.

మార్చి 19

పై అరలో ఉన్న ఖాళీ కుండీ కోసం చెయ్యెత్తాను. పక్కన కూర్చుని విత్తనాలు వేరుచేస్తున్న చెల్లెలు కట్టున్న చేతిని తల మీద అడ్డం పెట్టుకుంది.

నేను చూడలేదన్నట్టు కుండీ దించాను. అది చెమట తుడుచుకున్నట్టు చెయ్యి దించింది. విత్తనాలన్నీ కలిసిపోయాయి.

మార్చి 20

వాడు చేసింది వేరు, నేను చేసింది వేరు.

మార్చి 21

వేరు.

మార్చి 22

ఇంట్లో నేను ఏ గదిలోకి వెళ్తే అది పక్క గదిలోకి వెళ్తోంది. కోపంతో కాదు. "అక్కా, కూర మాడుతుందేమో", "అక్కా, గేటు వేశానో లేదో". ప్రతిసారీ ఏదో ఒక మర్యాద. నాతో మాట్లాడేటప్పుడు నా ముఖం చూడదు, చేతులు చూస్తుంది. పన్నెండేళ్ళు ఎవరి చేతులు చూస్తూ గడిపిందో నాకు తెలుసు.

మార్చి 26

ఆస్పత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. ఎలా ఉన్నాడో కళ్ళారా చూద్దామని వెళ్ళానని దారిలో అనుకున్నాను.

వార్డు బయట కానిస్టేబులు ఉన్నాడు, వదినెనంటే లోపలికి పంపించాడు. తల సగం గొరిగేశారు. కుడి చేతికి వేళ్ళ చివర్ల దాకా కట్టు. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. అంత మనిషి మంచం మీద చిన్నగా కనిపించాడు. నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టాడు.

"వదినా, మీ మీద చెయ్యెత్తానంట కదా."

మంచం దగ్గరికి జరిగాను.

"ఏమీ గుర్తు లేదు. బస్సు దిగడం గుర్తుంది, అంతే. పోలీసులు చెప్తే తెలిసింది. ఆడమనిషి మీదికి కడ్డీ తీసుకుని వెళ్ళానంట." కట్టు చెయ్యిని రెండో చేత్తో కలిపి దండం పెట్టాడు. "క్షమించండి వదినా. నేనలాంటివాణ్ణి కాదు."

పన్నెండేళ్ళలో చేసిన ఏ ఒక్కదానికీ క్షమాపణ అడగనివాడు చెయ్యనిదానికి అడుగుతున్నాడు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"బీరువా తలుపు గుర్తుందా?" అన్నాను.

"ఏ బీరువా?"

అబద్ధమాడటం లేదు. నిజంగానే ఆలోచిస్తున్నాడు. అది గుర్తుపెట్టుకోవాల్సిన విషయంగా ఎప్పుడూ అనిపించలేదు కాబోలు.

వచ్చేస్తుంటే, "దానితో చెప్పండి వదినా, ఇల్లు దులిపి పెట్టుకోమని. నేను వచ్చేస్తాను" అన్నాడు.

మార్చి 27

మార్చి తొమ్మిదిన రాసింది అబద్ధం. నా డైరీలో నేనే అబద్ధం రాసుకున్నాను, ఎవరు చదువుతారని?

పద్నాలుగు అద్దాలు నిజం. ట్రేలు నిజం. ఆ తర్వాత వాడి అరచెయ్యి గాజుకి తెగింది. రక్తం చూసుకుని అలిసిపోయినట్టు బోర్లించిన గంప మీద కూర్చున్నాడు. "కాసిని నీళ్ళివ్వండి వదినా" అన్నాడు. పని ముగించుకున్న మెకానిక్కు ఇంటావిణ్ణి అడిగినట్టు అడిగాడు. నేను ఇచ్చాను. మొక్కలకి పోసే క్యానులోంచే పోశాను. తాగాడు.

"రేపు నేనే కొత్త అద్దాలు బిగిస్తాను, మీరేం దిగులుపడకండి" అన్నాడు. కిందికి వంగి, పడిపోయిన నారు మొక్కని ఒకదాన్ని తీసి, ట్రేలో మిగిలిన మట్టిలోకి బొటనవేలితో దించాడు. ఇంకోటి తీశాడు. ఎంత జాగ్రత్తగా చేస్తున్నాడో. చెల్లెలికి అన్నం తినిపించింది కూడా ఆ చేత్తోనే, అంతే జాగ్రత్తగా తినిపించి ఉంటాడు.

కడ్డీ నేనే తీశాను. వాడి వీపు నా వైపు ఉంది. మొదటి దెబ్బ తల మీద. మోకాళ్ళ మీద పడ్డాడు. రెండోది మెడ దగ్గర. కుడి చెయ్యి తల మీద పెట్టుకున్నాడు, ఆ చేతి మీద కొట్టాను. వేళ్ళు కనపడ్డాయి కాబట్టే వాటి మీద కొట్టాను. "అక్కా, చాలు" అంది చెల్లెలు. వినిపించింది. స్పష్టంగా వినిపించింది. ఆ మాట తర్వాత మూడు కొట్టాను.

మొత్తం ఎనిమిది. కొడుతున్నప్పుడే లెక్క పెట్టాను.

ఇంకొకటి కూడా రాయాలి. బాగుంది. కొడుతున్నంతసేపూ నాకు బాగుంది. ఇన్నేళ్ళలో నా ఒళ్ళు అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. ఆపింది జాలేసి కాదు, చెయ్యి నొప్పెట్టి.

మార్చి 29

చెల్లెలితో చెప్పాను, స్టేషనుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తానని. పిండికట్టు నిన్ననే తీశారు. ఆ సన్నబడ్డ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.

"నీకేమైనా పిచ్చా? ఆయన బయటికొస్తాడు. నువ్వు లోపలికెళ్తావు. నేనెక్కడికి పోను?"

"ఈ ఇంట్లోనే ఉండు."

"ఆయనకి ఈ ఇంటి దారి తెలియదా?"

వాడు చెయ్యనిదానికి జైలుకు పోతే చేసినదాని గురించి ఎప్పటికీ ఎవరూ అడగరు అన్నాను. అది ఒప్పుకోలేదు.

"ఎవరూ అడక్కపోతేనేం, పోతాడు కదా. ఏ దారిన పోతే నీకేంటి?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన కోసం పన్నెండేళ్ళు అబద్ధాలాడాను. నా కోసం ఆడింది ఇదొక్కటే. దాన్ని కూడా లాగేసుకుంటావా అక్కా?"

"నువ్వు నన్ను చూసి భయపడుతున్నావు."

"లేదు."

"అదిగో, ఇంకోటి ఆడావు" అన్నాను. లేచి వెళ్ళిపోయింది, కూర మాడుతుందని. పొయ్యి మీద ఏమీ లేదు.

మార్చి 31

అది మాట్లాడటం లేదు. టొమాటోకి మొదటి పూత.

ఏప్రిల్ 2

పదింటికి స్టేషనుకి వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు ముందు కూర్చుని చెప్పాను. వీపు నా వైపు ఉందని చెప్పాను. నీళ్ళు తాగించానని చెప్పాను. ఎనిమిది అని చెప్పాను. ఆమె పెన్ను మధ్యలో ఆగింది.

"ఈ మాటకి అర్థం ఏంటో తెలుసా అమ్మా? మళ్ళీ ఆలోచించుకుంటారా?"

"ఆలోచించుకునే వచ్చాను మేడం."

అప్పుడు వెనక చెప్పుల చప్పుడు. చెల్లెలు. ఇంటికి తాళం వేసి నా వెనకే వచ్చినట్టుంది. అంతా విందో ఎంత విందో తెలియదు. నేను లేచి నిలబడ్డాను. ఇన్‌స్పెక్టరు చూస్తుండగానే చెల్లెలు నా చెంప మీద కొట్టింది, ఎడమ చేత్తో, బలంగా. చెవిలో గుయ్యిమంది. పుట్టి బుద్ధెరిగాక అది ఎవరి మీదా చెయ్యెత్తగా చూడలేదు. కానిస్టేబులు ముందుకొస్తే ఇన్‌స్పెక్టరు వద్దని కళ్ళతోనే ఆపింది.

చెల్లెలు కొట్టిన చేతిని చూసుకుంది. నా కుర్చీలో కూర్చుంది.

"మేడం, నేను ఆ రోజు చెప్పింది అబద్ధం. అక్క మాటే నిజం. ఇప్పుడు నాది రాసుకోండి."

"ఏది?"

"బాత్‌రూమ్‌లో జారలేదు. ఎప్పుడూ జారలేదు."

"ఎప్పటినుంచి చెప్తారు?"

"మొదటి సంవత్సరం నుంచి. అప్పుడు చెవి."

దానికి తేదీలు గుర్తు లేవు. ఆ రోజు కట్టుకున్న చీర రంగు గుర్తుంది, వాన పడిందో లేదో గుర్తుంది, ఏ ఆస్పత్రిలో ఏ నర్సుకి ఏ అబద్ధం చెప్పిందో గుర్తుంది. ఇన్‌స్పెక్టరు ఆస్పత్రుల పేర్లన్నీ విడిగా రాయించింది, అక్కడ కాగితాలుంటాయని. బెంచీ మీద కూర్చుని విన్నాను. నాకు తెలిసినవి ఆరో ఏడో. ఇరవై దాటాక లెక్క వదిలేశాను. పక్కటెముక విరిగినప్పుడు కడుపుతో ఉందట, మూడో నెల. అది నాకు ఎవరూ చెప్పలేదు. నేను అక్కనై ఉండి పండక్కో పబ్బానికో ఫోను చేసి, బాగున్నావా అని అడిగి, బాగున్నానంటే పెట్టేశాను.

భోజనాల వేళ దాటిపోయింది. ఇన్‌స్పెక్టరు కాగితాలు చాలక మరికొన్ని తెప్పించింది. నాది ఒక కాగితంలో అయిపోయింది. దానిది పదకొండు.

సంతకం పెట్టేటప్పుడు కుడి చెయ్యి సహకరించలేదు. పెన్ను రెండుసార్లు జారింది. మూడోసారి పెట్టింది.

ఏప్రిల్ 3

మరిదిని ఆస్పత్రి నుంచి నేరుగా కోర్టుకి తీసుకెళ్తారట, ఈసారి చెల్లెలి కేసులో. కడ్డీ కేసు కొట్టేస్తారు. నన్ను సోమవారం రమ్మన్నారు. వకీల్ని కలిస్తే తల అడ్డంగా ఊపాడు. వెనకనుంచి కొట్టిన దెబ్బలు, అందులోనూ ఎనిమిది, తేలిగ్గా పోయేవి కావన్నాడు. నెలలా సంవత్సరాలా అంటే చెప్పలేదు.

ముసలాయన సాన చక్రం పక్కన నా స్టూలు అలాగే ఉంచుతానన్నాడు. చెల్లెల్ని రమ్మన్నాడు, పని నేర్పిస్తాడట. ఒప్పుకుంది.

ఏప్రిల్ 5, ఆదివారం

ఇద్దరం పొద్దుటినుంచీ గాజు గదిలోనే ఉన్నాం. పక్క పిలకలు ఎలా గిల్లాలో చూపించాను. పూత వచ్చాక కొమ్మని వేలితో మెల్లగా తట్టాలని, లేకపోతే మూసిన గదిలో కాయ కట్టదని చెప్పాను. ఆకుల మీద కాదు, మొదలు దగ్గర నీళ్ళు పొయ్యాలి. అద్దాలు ఇప్పుడే వద్దు, వానలు పోయాక వేయిద్దువుగాని అన్నాను. అన్నిటికీ తలూపింది. ఒకటి రెండు చోట్ల నన్నే సరిదిద్దింది, ఈ నెలన్నరలో చూసి నేర్చుకుందట.

మధ్యాహ్నం ఎండెక్కాక గంప మీద కూర్చున్నాం, నేనొక అంచున, అదొక అంచున. ప్లాస్టిక్ పట్టా కొట్టుకుంటోంది.

"ఇంకా భయమేస్తోందా, నేనంటే?" అని అడిగాను.

నా చేతుల వైపు చూసింది.

"వేస్తోందక్కా" అంది.

తర్వాత లేచి క్యాను నింపుకుంది. ఆ బక్క చేత్తోనే ఎత్తింది. సగం కింద పోస్తూ, సగం మొక్కలకి పోస్తూ, అటు చివర వరస నుంచి మొదలుపెట్టింది.